ఎనభై ఐదో బండి

కాదు, యాభై రెండులో తప్పేం లేదు. అంకెలో తప్పుండదు. ఉంటే గింటే కొలిచే చేతిలో ఉండాలి, చూసే కంట్లో ఉండాలి. ఆ చేయి పంతొమ్మిదేళ్లుగా వణకలేదు, ఆ కన్ను బాగానే ఉందని కిందటి నెలలోనే డాక్టరు చెప్పాడు. మరి అంతా సవ్యంగా ఉన్నప్పుడు, యాభై రెండు అనుకోగానే అరికాల్లో ముల్లు విరిగి లోపలే ఉండిపోయినట్టు ఈ సలుపు ఎందుకు? నిద్ర చాలకేమో. టీ ఎక్కువై కడుపులో మంటేమో. నిజమైన కారణం తలుపు దగ్గర నిలబడి ఉన్నప్పుడు మనసు ఇలాంటి చిల్లర కారణాలను ముందుకు తోసి కాలక్షేపం చేస్తుందని ఆమెకు తెలుసు. తెలిసినా తలుపు తీయలేదు. రాడార్ గన్నును మళ్లీ ఎత్తి, వస్తున్న ఎర్ర కారుకు గురిపెట్టింది. గంటకు నలభై తొమ్మిది కిలోమీటర్లు. రాసుకుంది.

నగర రోడ్ల శాఖలో వేగాలు కొలవడం ఆమె పని. బూడిదరంగు కారును పక్కన ఆపుకుని, సీటు వెనక్కి వాల్చి, గన్ను ముక్కు మాత్రం అద్దం మూల నుంచి కనీకనపడకుండా పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటుంది. ఆఫీసులో ఆమెను గన్ మేడమ్ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే ఒక క్షణం ఆలస్యంగా పలుకుతుంది.

పని చెప్పడానికి తేలిక. ఒక వీధిలో వంద బండ్ల వేగాలు కొలవాలి. తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాయాలి. అందులో ఎనభై ఐదో బండి ఎంతలో పోతోందో అదే ఆ వీధి వేగం. నూటికి ఎనభై ఐదు మంది బుద్ధిమంతులు, మిగిలిన పదిహేను మంది తిక్కవాళ్లు అని ఎప్పుడో ఎవరో పెద్దలు తీర్మానించారు. ఆ బుద్ధిమంతుల్లో ఆఖరివాడి వేగాన్ని దగ్గరలో ఉన్న పదికి సర్ది బోర్డు మీద రాస్తారు. ఇంకొక్క నియమం ఉంది. కొలిచే బండి స్వేచ్ఛగా పోతూ ఉండాలి. మలుపు తిరగబోయే బండి, ఎవరో దాటుతుంటే బ్రేకు వేసిన బండి లెక్కలోకి రావు. వాటి మీద గీత కొట్టి పక్కన 'అడ్డు' అని రాయాలి. గీత కొట్టడంలో ఆమెను మించినవాళ్లు శాఖలో లేరు. బ్రేకు దీపం వెలగడానికి ముందే, బండి ముక్కు కాస్త కిందికి వంగడాన్ని పట్టేసి పెన్సిలు కదిలించేది. ఆమె షీట్లంత శుభ్రమైన షీట్లు ఇంకెవరివీ ఉండవని పేరు. ఆ పేరంటే ఆమెకు లోలోపల చాలా ఇష్టం.

ఈ వీధివాళ్లు రెండేళ్లుగా కాళ్లరిగేలా తిరిగి, తమ వీధిలో యాభై ఉన్న పరిమితిని ముప్పై చేయాలని అర్జీ పెట్టుకున్నారు. రేపు మధ్యాహ్నం నగర కమిటీ ముందుకు వస్తోంది. కమిటీ శాఖ అభిప్రాయం అడిగింది. శాఖ అభిప్రాయం అంటే ఎనభై ఐదో బండి. నిన్న యాభై రెండు వచ్చింది. రెండో రోజు కూడా కొలవాలన్నది పద్ధతి కనక ఈ పొద్దున్న మళ్లీ వచ్చి కూర్చుంది. ఇప్పటికి షీటు మీద లెక్కకొచ్చినవి తొంభై నాలుగు బండ్లు. ఈ రోజూ యాభై రెండే వస్తుందని చూడగానే తెలిసిపోతోంది.

డ్రైక్లీనింగ్ షాపు పైన మూడో అంతస్తులో ఆమె అక్క ఉంటుంది. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అడగనిదే చెప్పడం ఎందుకు అనుకుంది. అంకెకు అక్కాచెల్లెళ్లు ఉండరు.

పదిన్నరకు ఆ షాపు పక్క తలుపు తెరుచుకుంది. ముందు చేతికర్ర బయటికి వచ్చింది, తర్వాత అక్క. మోకాళ్లకు ఆపరేషనై ఎనిమిది నెలలు. వ్యాయామం చేయించే క్లినిక్ సరిగ్గా ఎదురుగా, వీధికి అవతల ఉంది. కిటికీలోంచి చేయి ఊపితే అక్కడివాళ్లు తిరిగి ఊపేంత దగ్గర. సిగ్నలున్న చోటికి పోవాలంటే అటు నాలుగు వందల అడుగులు, దాటాక మళ్లీ ఇటు నాలుగు వందలు.

అక్క ఫుట్‌పాత్ అంచున నిలబడి అటూ ఇటూ చూసింది. ఒక కారు పోయింది. ఇంకోటి పోయింది. అక్క కర్రను కిందికి దించి, మళ్లీ పైకి తీసుకుంది. ఆ దించడం, తీసుకోవడం మూడుసార్లు జరిగింది. ఆమె కారులోంచి చూస్తోంది, గన్ను చేతిలో ఉంది. అప్పుడు దగ్గరి వరసలో వస్తున్న తెల్ల వ్యాను నెమ్మదించింది. డ్రైవరు చేయి ఊపి 'దాటండి' అన్నాడు. అక్క తల ఊపి రెండడుగులు వేసింది. వెనకాల వస్తున్న నల్లకారు ఈ వ్యాను ఎందుకు ఆగిందో చూడకుండా పక్కనుంచి దూసుకుపోయింది. అక్క వెనక్కి తగ్గింది. కర్ర కొన ఫుట్‌పాత్ అంచుకు తగిలి జారి, మళ్లీ నిలదొక్కుకుంది. పడలేదు. నిలబడి, వ్యాను డ్రైవరు వైపు చూసి నవ్వింది, 'మీ టైము పాడు చేశాను, ఏమనుకోకండి' అన్నట్టు.

ఆ నవ్వు చూశాక ఆమె కళ్లు కిందికి దించింది. షీటు మీద ఆఖరి గడిలో, వ్యానుకు వచ్చిన పదిహేడు అంకె ఉంది. దాని మీద గీత ఉంది. పక్కన తన చేతిరాతతోనే, ఎప్పటిలా గుండ్రంగా, శుభ్రంగా, 'అడ్డు' అని ఉంది.

తను రాసినట్టే గుర్తు లేదు. గుండె గుభేలుమన్న ఆ రెండు క్షణాల్లో చేయి మాత్రం తన పని తను చేసుకుపోయింది.

అద్దం మీద ఎవరో టకటక కొట్టారు. అక్కే. ఎప్పుడు చూసిందో, కర్ర ఊతగా ఇటు నడిచొచ్చింది.

"ఏమే, దొంగను పట్టడానికొచ్చావా, దొంగతనానికొచ్చావా?"

"ఎక్కక్కా, తొందరగా ఎక్కి తలుపు వేసెయ్. బండ్లవాళ్లు మనల్ని చూస్తే నెమ్మదిస్తారు."

"నెమ్మదిస్తే మంచిదేగా!"

"లెక్క పాడవుతుంది."

అక్క పక్క సీట్లోకి ఒక్కో కాలే చేత్తో ఎత్తి పెట్టుకుంటూ ఎక్కింది. ఎక్కాక కాసేపు ఊపిరి తీసుకుని, చెల్లెలి ముఖంలోకి చూసింది. "అంటే వాళ్లు బుద్ధిగా నడిపితే నీ లెక్క పాడవుతుందన్నమాట. భలే ఉద్యోగమే నీది."

"నవ్వకు. పద్ధతి అది."

"పద్ధతి అంటే గుర్తొచ్చింది." అక్క నలభై ఏళ్లు బట్టలు కుట్టింది; ఏ మాటనైనా చివరికి టేపు దగ్గరికి తీసుకొస్తుంది. "కొలతలు తీసుకునేటప్పుడు ఆడవాళ్లందరూ ఏం చేస్తారో తెలుసా? కడుపు లోపలికి లాక్కుంటారు. ఆ కొలతతో కుట్టానో, మొదటిసారి కూర్చోగానే కుట్లు పటపటా తెగిపోతాయి. అందుకే టేపు చుట్టి ఏవో కబుర్లు చెప్పేదాన్ని. మీ అత్తగారు ఎలా ఉన్నారు అంటే చాలు, హుఁ అని మొత్తం గాలి వదిలేవాళ్లు. అప్పుడు కొలిచేదాన్ని."

ఆమెకు నవ్వు రాలేదు. "ఇందాక పడబోయావు."

"పడలేదుగా."

"నేను చూశాను."

"చూశావుగా, మరి ఏం రాసుకున్నావు?" అంటూ అక్క చెల్లెలి ఒళ్లోని షీటు వైపు వంగబోయింది. ఆమె చేయి చప్పున షీటు మీద పడింది. పరీక్షలో పక్కవాళ్లు చూడకుండా మూసినట్టు. అక్క ఒక్క చూపు చూసి, అడగకుండా వెనక్కి వాలింది. చిన్నప్పటి నుంచీ అంతే. దాచుకున్నదాన్ని అక్క ఎప్పుడూ గుంజుకోలేదు. అందువల్లే దాచుకోవడం కష్టం.

"ఎదురింటికి టాక్సీలో పోయే మహారాణిని ఎక్కడైనా చూశావా?" అంది అక్క. "నేనే. వారానికి మూడుసార్లు. ఇవాళా పిలిచాను, అది వచ్చేలోపు దాటగలనేమో చూశా. ఇక్కడ ఎక్కి, అంతా చుట్టి వచ్చి, అక్కడ దిగుతా. ఆ డ్రైవరు మొదటి రోజు నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు అతను నవ్వడం మానేశాడు. దిగేటప్పుడు చేయి పట్టుకుంటున్నాడు. అదే నాకు గిట్టలేదు."

"నేను దాటిస్తా, రా."

"ఇవాళ దాటిస్తావు. ఎల్లుండో?"

ఆమె పెన్సిలు తీసి డాష్‌బోర్డు మీద పెట్టింది.

"నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తున్నానే," అంది అక్క, సూదిలోకి దారం ఎక్కించేటప్పటి గొంతుతో. "అమ్మాయి వాళ్ల ఇంటి దగ్గర కింది అంతస్తులో ఒక గది చూసింది. చుట్టూ గోడ, లోపల తోట. బండ్లు రావు. మనుషులూ రారనుకో."

"ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నావు ఇక్కడ."

"ఉన్నాను. ఇప్పుడు ఈ వీధి నన్ను ఉంచుకోవడం లేదు, అంతే. రేపటి కమిటీలో ముప్పై చేస్తే మాట వేరు. చెయ్యరని పక్క మందులషాపాయన అన్నాడు. ఇవాళ ఎవరో కొలిచేవాళ్లు వచ్చారట, వాళ్ల అంకె చూసి కొట్టేస్తారట." అక్క కిటికీలోంచి వీధి వైపు చూస్తూ చెప్పింది. "ఆ కొలిచేవాళ్లు నువ్వే అని ఆయనకు చెప్పలేదులే."

టాక్సీ వచ్చి ముందు ఆగింది. అక్క దిగడానికి తలుపు తీసి, ఒక్క క్షణం ఆగింది. "ఒక్క మాట. రేపు అక్కడ నన్ను తీసుకెళ్లి కుంటిదాన్ని చేసి చూపించకు. నా మోకాళ్లు చూపించి పని జరిపించుకుంటే, ఆ తర్వాత ఈ వీధిలో తలెత్తుకు నడవలేను."

"నేను అక్కడ మాట్లాడను అక్కా. కొలిచేవాళ్లు మాట్లాడరు."

"సరే అయితే," అంది అక్క. ఆ రెండు మాటల్లో నిందేమీ లేదు. లేని ఆ నింద కోసం ఆమె టాక్సీ మలుపు తిరిగేదాకా వెతుక్కుంటూ కూర్చుంది.

మిగిలిన ఆరు బండ్లను కొలిచింది. ఎనభై ఐదోది యాభై రెండు.

ఆఫీసుకు వెళ్లి నేరుగా పాత కాగితాల గదిలోకి నడిచింది. అదే వీధిని ఆమె నిన్న కాక అంతకుముందు మూడుసార్లు కొలిచింది. ఆ మూడు షీట్ల కట్టలూ, ఇవాళ్టిదీ బల్ల మీద పక్కపక్కన పరిచింది. జీవితంలో మొదటిసారి, మిగిలిన అంకెల వంక చూడకుండా, కొట్టేసిన వాటిని మాత్రం వేలు పెట్టి లెక్కపెట్టింది. పదకొండేళ్ల కిందట వంద బండ్లు దొరకడానికి నూట ఎనభై ఎనిమిది బండ్లు చూడాల్సి వచ్చింది. ఎనభై ఎనిమిది అడ్డులు. ఏడేళ్ల కిందట అరవై మూడు. నాలుగేళ్ల కిందట నలభై ఒకటి. ఇవాళ ఇరవై రెండు. వీధి వేగమేమో నలభై ఆరు, నలభై ఎనిమిది, యాభై, యాభై రెండు.

కుర్చీ లాక్కుని కూర్చుంది. వీధి ఏటేటా శుభ్రపడుతోందని, పని తేలికవుతోందని తను సంతోషించిన రోజులు గుర్తొచ్చాయి. నాలుగేళ్ల కిందట మధ్యాహ్నానికల్లా పని అయిపోయిందని ఇంటికి తొందరగా వెళ్లి, కాళ్లు చాపుకుని పుస్తకం చదువుకుంది. ఆ తేలికదనం ఏమిటో ఇప్పుడు తెలిసింది. జనం దాటడం మానేస్తూ వచ్చారు. ముసలివాళ్లు ముందు మానేశారు, తర్వాత పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు, తర్వాత మిగిలినవాళ్లు. వాళ్లు వెళ్లిపోయిన జాడ నగరం మొత్తంలో ఒక్కచోటే ఉంది, తను కొట్టేసిన గీతల కింద. ఎవరూ చదవరని ధీమాగా కొట్టేసిన గీతలు.

ఒక వెర్రి ఆశ కూడా పుట్టింది. కొట్టేసినవన్నీ తిరిగి కలిపితే? నూటికి ఎనభై ఐదు ఎక్కడ పడుతుంది? ముప్పై కాకపోయినా, ముప్పై ఐదు? నలభై? ఆమె పెన్సిలు తీసుకుని వరస మళ్లీ రాసింది. నూట ఇరవై రెండు బండ్లలో నూట నాలుగోది. యాభై ఒకటి.

రెండోసారి వేసింది. యాభై ఒకటే.

అంకె తనను కాపాడదని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ అంకె చాటున నిలబడింది. ఎవరు ఏమన్నా "నేను కాదు, అంకె అంది" అని చేతులు దులుపుకుంది. ఇవాళ ఆ చాటు లేదు. చలిలో కోటు విప్పమన్నట్టు ఒళ్లు జలదరించింది.

షీట్లు చంకలో పెట్టుకుని పెద్ద ఇంజినీరు గదికి వెళ్లింది. పెద్ద అన్నది హోదాకే. వయసులో ఆమె కంటే పద్నాలుగేళ్లు చిన్న. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది అదే బూడిదరంగు కారులో ఆమె పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు.

"ఎంతొచ్చింది మేడమ్?"

"యాభై రెండు."

"హమ్మయ్య. రెండు రోజులూ ఒకటే. ఏ తలనొప్పీ లేదు."

ఆమె షీట్లు బల్ల మీద పరిచి, నాలుగు ఏళ్ల అడ్డులు చెప్పింది. అతను శ్రద్ధగానే విన్నాడు. పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి, "కలిపితే ఎంతొచ్చింది?" అన్నాడు. ఆమె వేసి చూసే ఉంటుందని అతనికి తెలుసు.

"యాభై ఒకటి."

"ఒక్కటి కోసమా ఇంత!" అని నవ్వి, ఆమె ముఖం చూసి ఆపేశాడు. "మేడమ్, ఎటు తిప్పినా ముప్పై రాదు."

"రాదు. కొలిస్తే వచ్చేది కాదది. ఇక్కడ మనుషులు దాటాలి అని ఎవరో ఒకరు నిర్ణయిస్తే వచ్చేది."

"నిర్ణయించడం మన పని కాదు, కొలవడం మన పని. ఈ మాట నాకు నేర్పిందెవరు? ఒకసారి బ్రేకు వేసిన బండిని లెక్కలో రాశానని చేతి మీద స్కేలుతో ఒక్కటిచ్చి మరీ నేర్పారు."

"నేనే. తప్పు నేర్పాను."

అతను తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమో అన్నట్టు. గొంతు తగ్గించాడు. "ఆ మాట ఇక్కడ అన్నారు సరే, రేపు అక్కడ అనకండి. నగరంలో సగం బోర్డులు మీ షీట్ల మీద నిలబడ్డాయి. ఒక్క షీటు తప్పంటే మిగిలినవన్నీ ఎవరో ఒకరు బయటికి లాగుతారు. ఇంకో మూడేళ్లలో రిటైరవుతారు. పంతొమ్మిదేళ్లలో మీ పని మీద ఒక్క మచ్చ లేదు. ఇప్పుడు మీ చేత్తో మీరే ఎందుకు తవ్వుకుంటారు?"

"ఫైల్లో ఈ నాలుగు అంకెలు పెట్టండి. నేను నోరు మెదపను."

"ఫైల్లో పెట్టడానికి వాటికి గడి లేదు మేడమ్," అన్నాడతను. వెటకారం కాదు, నిజంగానే లేదు. "రేపు నా పక్కన కూర్చోండి. అంకె అడిగితే కాగితం అందించండి. ఎప్పటిలాగే."

ఆఫీసు వదిలేవేళకు ఇంకా ఎండ ఉంది. ఇంటికి దారి అటు కాకపోయినా కారును అక్క వీధిలోకి తిప్పింది. తిప్పగానే అలవాటుగా మీటరు చూసుకుంది. యాభై ఒకటి. ఆ వందలో తనూ ఒకతె అన్నమాట. తిక్కవాళ్లలో కాదు, బుద్ధిమంతుల్లో.

కాలు కొద్దిగా ఎత్తింది. నలభై. ఇంకా. ముప్పై. వీధి ఒక్కసారిగా వెడల్పయినట్టు అనిపించింది. మందులషాపాయన అద్దం తుడుస్తున్నాడు. ఒక అమ్మాయి తాళంచెవులు నోట కరుచుకుని సంచిలో ఏదో వెతుకుతోంది. ఇంత వరకూ ఈ వీధికి ముఖాలున్నాయని తన కారుకు తెలియదు. అంతలో వెనక హారను మోగింది. మళ్లీ మోగింది. ఆమె మెడ వెనక వేడెక్కింది. కుడికాలు తనంతట తనే కిందికి నొక్కబోయింది. ఎంత విచిత్రం, తనకు అత్యవసరమేమీ లేదు, ఎక్కడికీ ఆలస్యం కాలేదు, ఎవరో ముక్కూముఖం తెలియని వాడికి కోపం వస్తుందేమోనని కాలు పరిగెత్తబోతోంది. ఎనభై ఐదోవాణ్ణి ఎనభై ఆరోవాడు తరుముతున్నాడు, వాణ్ణి ఇంకొకడు. ఎవడూ తన ఇష్టానికి పోవడం లేదు. దీన్నే తను స్వేచ్ఛగా పోతున్న బండి అని పంతొమ్మిదేళ్లు రాసింది.

కాలిని అక్కడే ఉంచింది. పంటి బిగువున ఉంచింది. వెనకవాడు పక్కనుంచి దూసుకొచ్చి అద్దం దించి అరిచాడు: "ఏమ్మా, నడుపుతున్నావా, నిద్రపోతున్నావా?"

"నడుపుతున్నా," అందామె, పైకే, అతను వెళ్లిపోయాక.

మర్నాడు మూడు గంటలకు కమిటీ కూర్చుంది. పొడవాటి బల్ల, అవతల ఎనిమిది మంది సభ్యులు, మధ్యలో అధ్యక్షురాలు. ఇవతల శాఖవాళ్లకు రెండు కుర్చీలు, ఇద్దరి మధ్యా ఒక మైకు. వెనక బెంచీల మీద వీధివాళ్లు పాతికమంది దాకా ఉన్నారు. అక్క రాలేదు.

సరుకులు చేరవేసే కంపెనీ మనిషి లేచి, ముప్పై చేస్తే ఒక్కో బండికి రోజుకు ఎన్ని నిమిషాలు పోతాయో చెప్పాడు. చక్కగా చెప్పాడు, పటం కూడా చూపించాడు. మందులషాపాయన లేచి చెప్పాలనుకున్నది సగంలో మరిచిపోయి, "మా వీధి మీకు దారి, మాకు ఇల్లు" అని కూర్చున్నాడు. బెంచీల మీద చప్పట్లు లేచాయి. అధ్యక్షురాలు చేయెత్తి ఆపింది.

"శాఖ ఏమంటుంది?"

పెద్ద ఇంజినీరు చేయి పక్కకు చాచాడు. ఆమె కాగితం అందించింది. అందిస్తున్న చేయిని తనే దూరం నుంచి చూస్తున్నట్టుంది. అతను మైకు నొక్కి, ఎనభై ఐదో బండి వేగం రెండు రోజులూ యాభై రెండని, ఉన్న పరిమితి సబబేనని, నాలుగు వాక్యాల్లో ముగించాడు. మైకు ఆపేశాడు. సభ్యుల్లో ఇద్దరు ఫైళ్లు మూసేశారు. అంకె ఎప్పుడూ ఇంత హాయిగా పని చేస్తుంది. విన్నవాళ్లు ఇక ఆలోచించనక్కర్లేదు.

"ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?" అని అధ్యక్షురాలు ఎవరినీ చూడకుండా అడిగింది. "లేకపోతే ముగిద్దాం."

మొదటి వాక్యం ఏమిటి? రాత్రి నుంచి పది వాక్యాలు తయారుచేసుకుంది. 'గౌరవనీయులైన సభ్యులకు' అని ఒకటి. అది నోట్లోనే ఎండిపోయింది. 'మా అక్క' అని ఒకటి. అది చెప్పకూడదు, మాట ఇవ్వకపోయినా ఇచ్చినట్టే. 'ఈ అంకె తప్పు' అనడం అబద్ధం; అంకె తప్పు కాదు, అడగాల్సిన ప్రశ్నకు అది జవాబు కాదు, అంతే. బెంచీ మీద ఎవరో లేవడానికి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఇంకో రెండు క్షణాలు ఇలాగే కూర్చుంటే చాలు, ఏమీ చేయనక్కర్లేదు, వీధి యాభైలోనే ఉంటుంది, తన పేరు శుభ్రంగా ఉంటుంది, నెలాఖరుకి లారీ వచ్చి కుట్టుమిషను, మంచం, అద్దం ఎక్కించుకుపోతుంది. ఇంత పెద్ద పని జరగడానికి తను చేయాల్సిందల్లా ఊరికే ఉండడం. ఇన్నేళ్లూ చేసిందదే.

అప్పుడు వాక్యం దొరికింది. అందులో విశేషణాలు లేవు. 'ఈ వీధిని కొలిచింది నేను. పదకొండేళ్లలో నేను ఏమేం కొట్టేశానో చెబుతాను.' ఎనభై ఎనిమిది, అరవై మూడు, నలభై ఒకటి, ఇరవై రెండు. ఆ తర్వాత వాళ్లు అడుగుతారు. ఇలాగే ఎన్ని వీధుల్లో చేశావని అడుగుతారు. అన్నింట్లోనూ, అని చెబుతుంది. మిగిలిన మూడేళ్లు పాత షీట్లు తీసి ఆ గీతలన్నీ లెక్కపెట్టమంటే పెడుతుంది. పెట్టొద్దంటే కూడా పెడుతుంది.

మైకు మెడను తన వైపు లాగింది. అది కిర్రుమంది. పెద్ద ఇంజినీరు ఉలిక్కిపడి ఇటు తిరిగి, "మేడమ్..." అన్నాడు, పెదవులు కదలకుండా.

ఆమె మీట నొక్కింది.